కారు యాంప్లిఫయర్‌కు 'ఎర్త్' సరిగా లేకపోతే ఏమవుతుంది? ఖరగ్‌పూర్ రైలు పట్టాలు నేర్పే పాఠం

ఇంజను ఆపి ఉన్నప్పుడు పాట స్వచ్ఛంగా వినిపిస్తుంది. ఇంజను స్టార్ట్ చేయగానే పాట వెనుక సన్నని కూత ఒకటి మొదలవుతుంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఆ కూత పైస్థాయికి పాకుతుంది, కాలు తీస్తే దిగుతుంది. కారులో కొత్తగా యాంప్లిఫయర్, సబ్‌వూఫర్ పెట్టించుకున్న వారిలో చాలామందికి ఈ అనుభవం పరిచయమే. స్పీకరు పాడైందని ఒకరు, యాంప్లిఫయర్ నాసిరకమని మరొకరు అనుమానిస్తారు. వాటిని మార్చి డబ్బు పోగొట్టుకుంటారు. కానీ చాలా సందర్భాలలో లోపం ఉండేది మూరెడు పొడవైనా లేని ఒక నల్ల తీగ చివర, ఒక బోల్టు కింద.

ఆ తీగనే మెకానిక్కులు 'బాడీ ఎర్త్' అంటారు. యాంప్లిఫయర్ నుంచి వెలువడే విద్యుత్తును కారు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగి చేర్చే తీగ అది. దానిని నిర్లక్ష్యం చేస్తే కూతతోనే పోదు. తీగలు వేడెక్కి కాలవచ్చు, స్టీరియో పనికిరాకుండా పోవచ్చు, ఒక్కోసారి నిప్పు కూడా పుట్టవచ్చు.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో ఈ సంగతిని వివరించడం తేలిక. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉపాధి కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. పండుగకు శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద కారులో బయలుదేరితే, వందల కిలోమీటర్ల దారికి పాటే తోడు. ఇక విద్యుత్తు తిరుగు ప్రయాణం ఎలా ఉంటుందో ఆ ఊరి రైలు పట్టాలే చూపిస్తాయి.

పోయిన విద్యుత్తు తిరిగి రావలసిందే

విద్యుత్తు ఎప్పుడూ ఒక వలయంలోనే ప్రవహిస్తుంది. బయలుదేరిన చోటికి తిరిగి చేరే దారి లేకపోతే అసలు బయలుదేరదు. ఖరగ్‌పూర్ మీదుగా వెళ్లే ఎలక్ట్రిక్ ఇంజనునే తీసుకుంటే, పట్టాల పైన వేలాడే తీగ నుంచి 25 వేల వోల్టుల విద్యుత్తు ఇంజనులోకి దిగుతుంది. ఇంజనులోని ట్రాన్స్‌ఫార్మర్ గుండా సాగి, చక్రాల ద్వారా పట్టాలలోకి చేరుతుంది. పట్టాల వెంబడే తిరిగి సబ్‌స్టేషనుకు పోతుంది. పైన కనిపించే తీగ ఒకటే అయినా, కింద పట్టా రెండో తీగగా పనిచేస్తోంది.

కారులోనూ ఇదే ఏర్పాటు. బ్యాటరీ ధన ధ్రువం నుంచి ఎర్ర తీగ యాంప్లిఫయర్‌కు వెళుతుంది. రుణ ధ్రువం నుంచి మరో పొడవాటి తీగ లాగవలసిన పని లేకుండా, తయారీదారులు ఉక్కు బాడీనే తిరుగు దారిగా వాడుకున్నారు. రైలుకు పట్టా ఎలాగో కారుకు బాడీ అలాగ.

'ఎర్త్' అన్న మాట ఇక్కడ కొంత తికమక పెడుతుంది. కారు రబ్బరు టైర్ల మీద నిలిచి ఉంటుంది కనుక ఖరగ్‌పూర్ ఎర్ర మొరం నేలతో ఈ 'ఎర్త్'కు ఏ సంబంధమూ లేదు. బ్యాటరీ రుణ ధ్రువానికి కలిపిన లోహమంతా ఎర్తే.

12 వోల్టుల దగ్గర ఎందుకింత జాగ్రత్త?

50 లక్షల వాట్ల శక్తి కావలసిన రైలు ఇంజను 25 వేల వోల్టుల వద్ద తీసుకునే విద్యుత్తు సుమారు 200 ఆంపియర్లు. ఇప్పుడు కారును చూద్దాం. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో ఉండే వోల్టేజి సుమారు 13.8. నిజంగా 500 వాట్లు ఇచ్చే యాంప్లిఫయర్ 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తే 625 వాట్లు తీసుకోవాలి. అంటే 45 ఆంపియర్లు. అదే 2,000 వాట్లు ఇచ్చేదైతే 180 ఆంపియర్లు దాటుతుంది. డిక్కీలోని ఒక పెట్టె, విద్యుత్తు పరిమాణంలో రైలు ఇంజనుకు దగ్గరగా వస్తుందన్నమాట. వోల్టేజి తక్కువైనకొద్దీ అదే శక్తికి ఎక్కువ ఆంపియర్లు కావాలి. రైల్వేలు అంత అధిక వోల్టేజిని ఎంచుకోవడానికి ముఖ్య కారణం ఇదే.

ఆంపియర్లు పెరిగితే చిన్న నిరోధం కూడా పెద్ద నష్టం తెస్తుంది. బోల్టు కింద రంగు సరిగా గీకకపోవడం వల్ల ఒక ఓమ్‌లో 50వ వంతు, అంటే 0.02 ఓమ్ నిరోధం మిగిలిందనుకుందాం. 45 ఆంపియర్ల వద్ద అక్కడే 0.9 వోల్టు పోతుంది. ఆ ఒక్క బిందువులో 40 వాట్ల వేడి పుడుతుంది. రేడియో మెకానిక్కులు సీసం కరిగించడానికి వాడే సోల్డరింగ్ ఐరన్ సాధారణంగా 25 వాట్లదే. సంగీతంలో హెచ్చుతగ్గులు ఉంటాయి కనుక అంత విద్యుత్తు నిరంతరం పారదు. అయినా గట్టిగా పాటలు పెట్టుకుని గంటల తరబడి ప్రయాణిస్తే, కార్పెట్ కింద, సీటు వెనుక ఎవరికీ కనబడని చోట ఆ బోల్టు కాలుతూనే ఉంటుంది.

ఇంట్లో 230 వోల్టుల లైనులో ఒక వోల్టు తగ్గినా ఎవరికీ తెలియదు. కారులోని 13.8 వోల్టుల్లో ఒకటి పోతే ఏడు శాతానికి పైగా పోయినట్లు. సబ్‌వూఫర్ దరువులో పస తగ్గుతుంది. గట్టి దెబ్బ పడిన ప్రతిసారీ యాంప్లిఫయర్ ఆగిపోయి, రక్షణ దీపం వెలుగుతుంది.

ఆ కూత ఎక్కడిది?

కారు ఆల్టర్నేటర్ మూడు ఫేజుల విద్యుత్తును పుట్టించి, డయోడ్ల ద్వారా ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. మార్పు సంపూర్ణం కాదు, చిన్న చిన్న అలలు మిగులుతాయి. ఆరు జతల ధ్రువాలున్న ఆల్టర్నేటర్ ఒకసారి తిరిగితే 36 అలలు వస్తాయి. ఇంజను నిమిషానికి 800 సార్లు తిరుగుతున్నప్పుడు, పుల్లీల వల్ల ఆల్టర్నేటర్ రెండున్నర రెట్ల వేగంతో తిరిగితే, సెకనుకు 1,200 అలలు. ఇంజను వేగం 2,000కు చేరితే 3,000 అలలు. రెండూ మనిషి చెవికి చక్కగా వినిపించే స్థాయిలే. యాక్సిలరేటర్‌తో పాటు కూత ఎక్కడానికి కారణం ఇదే.

అయితే ఈ అలలు పాటలోకి ఎలా చొరబడతాయి? స్టీరియో ఎర్త్ డాష్‌బోర్డు వెనుక ఉంటుంది, యాంప్లిఫయర్ ఎర్త్ డిక్కీలో ఉంటుంది. రెండు చోట్లా బాడీ ఒకటే అయినా, దానిలో విద్యుత్తు పారుతున్నందువల్ల రెండు బిందువుల మధ్య కొద్దిపాటి వోల్టేజి తేడా వస్తుంది. స్టీరియో నుంచి యాంప్లిఫయర్‌కు పాటను మోసుకువెళ్లే ఆర్‌సీఏ కేబుల్ పై పొర రెండు చివరలా ఎర్త్‌కే కలిసి ఉంటుంది. దాంతో అది రెండో తిరుగు దారిగా మారుతుంది. పాటతో పాటు ఆల్టర్నేటర్ అల కూడా అందులో నడుస్తుంది. యాంప్లిఫయర్‌కు పాట ఏదో, కూత ఏదో తెలియదు. రెండింటినీ సమానంగా పెంచి వినిపిస్తుంది. దీనిని 'గ్రౌండ్ లూప్' అంటారు.

రైల్వేలకూ ఈ బాధ కొత్తది కాదు. పట్టాల నుంచి నేలలోకి జారిపోయే విద్యుత్తు లైను పక్కనున్న టెలిఫోను తీగలలో రొద పుట్టించేది. దానిని అరికట్టడానికి బూస్టర్ ట్రాన్స్‌ఫార్మర్లు, ప్రత్యేక తిరుగు తీగలు ఏర్పాటు చేశారు. తిరుగు విద్యుత్తుకు తన దారి తనకు చూపించడమే ఆ పరిష్కారంలోని సారం. కారుకూ అదే వర్తిస్తుంది.

అసలు దారి మూసుకుపోతే

ఎర్త్ బోల్టు పూర్తిగా వదులైతే పరిస్థితి ఇంకా ప్రమాదకరం. విద్యుత్తు ఆగిపోదు, దొరికిన మరో దారి పడుతుంది. ఆ దారి సన్నని ఆర్‌సీఏ కేబుల్ పై పొర, దాని వెనుక స్టీరియోలోని వెంట్రుకంత రాగి గీత. పదుల ఆంపియర్లను మోసే శక్తి వాటికి లేదు. కేబుల్ కరుగుతుంది, స్టీరియో లోపల ఎర్త్ గీత కాలిపోతుంది. యజమానికి కనిపించేది స్టీరియో పాడవడం. అసలు దోషి డిక్కీలోని బోల్టు.

రైలు ఇంజనులో ఇదే ప్రమాదాన్ని ముందుగానే ఊహించి ఏర్పాటు చేశారు. ఇరుసు చివర ఎర్త్ రిటర్న్ బ్రష్ ఉంటుంది. అది లేకపోతే విద్యుత్తు బేరింగుల గుండా పట్టాకు దిగి, వాటిని గుంటలు పడేలా తినేస్తుంది. పట్టాల అతుకుల వద్ద ఫిష్‌ప్లేట్ల మధ్య తుప్పు అడ్డుపడకుండా లోహపు బాండ్లు బిగించడం కూడా ఈ జాగ్రత్తలో భాగమే.

ఎర్త్ తీగకు ఫ్యూజు పెట్టకూడదని నిపుణులు చెప్పడానికి కారణం కూడా ఇదే. ఆ ఫ్యూజు పోతే తిరుగు విద్యుత్తు ఆర్‌సీఏ కేబుల్ మీద పడుతుంది. ఫ్యూజు ఉండవలసింది ధన తీగలో, బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపు. ధన తీగ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే నిప్పు అంటుకోకుండా కాపాడేది అదే.

బిగించే సరైన పద్ధతి

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ రుణ ధ్రువపు తీగను మొదట విప్పాలి. పని పూర్తయ్యాక దానినే చివర బిగించాలి. ముందుగా ధన ధ్రువాన్ని విప్పుతుంటే స్పానర్ పొరపాటున బాడీకి తగలవచ్చు. అప్పుడు బ్యాటరీ మొత్తం శక్తి ఆ స్పానర్ గుండా పారుతుంది.

తర్వాత చోటు ఎంపిక. యాంప్లిఫయర్‌కు దగ్గరగా, మందమైన ఉక్కు ఉన్న చోటును ఎంచుకోవాలి. ఎర్త్ తీగ వీలైనంత పొట్టిగా, 45 సెంటీమీటర్లు మించకుండా ఉండటం మంచిది. డిక్కీ మూత వంటి కీళ్ల మీద వేలాడే భాగాలు, పలుచని రేకులు, ప్లాస్టిక్ బ్రాకెట్లు పనికిరావు. సీటు బెల్టు బోల్టులను ఏ పరిస్థితిలోనూ వాడకూడదు. ప్రమాదంలో మనిషిని పట్టి ఉంచవలసిన బోల్టు అది. దాని కింద అదనపు లగ్ చేరిస్తే బిగింపు మారిపోతుంది. కొత్తగా రంధ్రం చేయవలసి వస్తే, అవతలి వైపు పెట్రోలు ట్యాంకు, ఇంధన గొట్టం, బ్రేకు గొట్టం, తీగల కట్ట లేవని కారు కిందికి చూసి నిర్ధారించుకున్నాకే డ్రిల్లు పట్టాలి.

మూడోది రంగు. కారు రంగు, దాని కింద ప్రైమర్ విద్యుత్తును పారనివ్వవు. లగ్ ఆనే మేర గరుకు కాగితంతో తళతళలాడే లోహం బయటపడేదాకా గీకాలి. లగ్‌ను తీగకు ప్రెస్ చేసే పరికరంతో గట్టిగా నొక్కించాలి. చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు నిలవదు. బోల్టు కింద పళ్లున్న స్టార్ వాషర్ వేసి, వెనుక నట్టుతో బిగించాలి. రేకులోకి నేరుగా దూరే మర స్క్రూలు కుదుపులకు వదులవుతాయి.

నాలుగోది చాలామంది మరిచిపోయేది. బిగించాక గీకిన చోటంతా పైనుంచి రంగు గాని, పెట్రోలియం జెల్లీ గాని పూయాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తేమ వీడని ఖరగ్‌పూర్ వంటి చోట్ల, సముద్రపు గాలి తగిలే విశాఖ తీరంలో, రంగు పోయిన ఉక్కుకు తుప్పు పట్టడానికి ఎన్నో రోజులు అక్కరలేదు. తొలి నెలలో చక్కగా పలికిన వ్యవస్థ వానాకాలం తర్వాత కూయడానికి కారణం సాధారణంగా ఇదే.

తీగ మందం, తీగలోని లోహం

ఎర్త్ తీగ ధన తీగకు సమానమైన మందం ఉండాలి. వెళ్లిన విద్యుత్తంతా తిరిగి రావాలి కనుక ఒక వైపు వెడల్పు, మరో వైపు ఇరుకు పనికిరాదు. 5 మీటర్ల పొడవున్న 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 45 ఆంపియర్లు పారితే పోయేది పావు వోల్టు మాత్రమే. అదే తీగ 4 చదరపు మిల్లీమీటర్లదైతే దాదాపు ఒక వోల్టు పోతుంది.

తక్కువ ధర కిట్లలో వచ్చే తీగ చూడటానికి రాగిలా ఉన్నా, లోపల అల్యూమినియం ఉండి పైన రాగి పూత ఉండవచ్చు. అల్యూమినియం వాహకత రాగిలో సుమారు 61 శాతమే. అటువంటి తీగ వాడదలిస్తే అదే పనికి మరింత మందమైనది తీసుకోవాలి. తీగ కొసను కత్తితో గీకి చూస్తే తెల్లని లోహం బయటపడుతుంది. మందాన్ని పైనున్న రబ్బరు తొడుగును బట్టి కాక, లోపలి లోహాన్ని బట్టి లెక్కించాలి.

మరో మాట. యాంప్లిఫయర్ నుంచి బాడీకి దారి ఎంత బాగున్నా, బాడీ నుంచి బ్యాటరీకి, ఇంజనుకు వెళ్లే కంపెనీ తీగలు పాతబడి ఉంటే ఫలితం దక్కదు. పెద్ద యాంప్లిఫయర్ పెట్టించుకునేవారు బానెట్ కింద ఉన్న ఆ అతుకులను కూడా శుభ్రం చేయించి, అవసరమైతే తీగలను మందమైనవాటితో మార్పించుకోవాలి.

మీటరుతో పది నిమిషాల పరీక్ష

ఎర్త్ బాగుందా లేదా అన్నది ఊహించనక్కరలేదు, కొలవవచ్చు. మల్టీమీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి చూడటం చాలామంది అలవాటు. కానీ మామూలు మీటరు తీగల సొంత నిరోధమే వెతుకుతున్న దోషం కన్నా ఎక్కువగా ఉంటుంది. పైగా ఒక్క పోగు అంటుకుని ఉన్నా మీటరు బాగుందనే చెబుతుంది.

సరైన మార్గం వోల్టేజి పతనాన్ని కొలవడం. ఇంజను నడుస్తుండగా, నిలకడైన తక్కువ స్థాయి ధ్వనిని కొన్ని సెకన్లు గట్టిగా వినిపిస్తూ, మీటరును డీసీ వోల్టుల మీద ఉంచాలి. ఎర్ర పుల్లను యాంప్లిఫయర్ ఎర్త్ టెర్మినల్‌కు, నల్ల పుల్లను పొడవాటి తీగతో బ్యాటరీ రుణ ధ్రువానికి తాకించాలి. 0.1 వోల్టు లోపు కనబడితే తిరుగు దారి భేషుగ్గా ఉన్నట్లు. అర వోల్టు దాటితే ఎక్కడో లోపం ఉన్నట్లు. అప్పుడు దారిని రెండు ముక్కలుగా కొలవాలి. టెర్మినల్ నుంచి బోల్టు పక్కనున్న లోహం వరకు ఒకసారి, అక్కడి నుంచి బ్యాటరీ వరకు మరోసారి. ఎక్కువ వోల్టేజి ఏ ముక్కలో కనబడితే మరమ్మతు అక్కడే.

ఎర్త్ బాగున్నా కూత పోకపోతే ఆర్‌సీఏ కేబుల్, స్టీరియో ఎర్త్ వైపు చూడాలి. ఆర్‌సీఏ కేబుల్‌ను, విద్యుత్తు తీగను కారులో వేర్వేరు వైపుల నుంచి తీసుకురావాలి. దాటవలసి వస్తే అడ్డంగా దాటించాలి. బజారులో దొరికే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ చివరి ఉపాయం మాత్రమే. అది కూతను ఆపుతుంది గాని, చెడ్డ ఎర్త్‌ను బాగుచేయదు. చౌకరకమైతే మంద్రస్థాయి ధ్వనులనూ కొంత మింగేస్తుంది.

కొత్త కార్లు, ఇంటి ఎర్త్

ఇటీవలి కార్లలో చాలా వాటికి బ్యాటరీ రుణ ధ్రువం దగ్గర ఛార్జింగును గమనించే సెన్సర్ ఉంటుంది. యాంప్లిఫయర్ ఎర్త్‌ను నేరుగా ఆ ధ్రువానికి కలిపితే, దాని విద్యుత్తు సెన్సర్ లెక్కలోకి రాదు. బాడీ మీదనో, కంపెనీ సూచించిన బిందువుకో కలపడమే శ్రేయస్కరం. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలోని నారింజ రంగు తీగలలో వందల వోల్టులు ఉంటాయి, బాడీతో వాటికి సంబంధం ఉండదు. శిక్షణ లేనివారు వాటి జోలికి పోకూడదు.

అన్నింటికన్నా ముఖ్యమైన హెచ్చరిక ఇంటికి సంబంధించినది. ఇంట్లోని మ్యూజిక్ సిస్టంలో గుర్రుమనే రొద వస్తే, కొందరు ప్లగ్గులోని మూడో పిన్నును తొలగించి రొదను ఆపుతుంటారు. కారులో ఎర్త్ విద్యుత్తుకు తిరుగు దారి. ఇంట్లో ఎర్త్ మనిషి ప్రాణానికి రక్ష. లోపం వల్ల పెట్టె పైలోహానికి 230 వోల్టులు పాకినప్పుడు, తాకిన మనిషి గుండా పోకుండా విద్యుత్తును నేలకు తీసుకుపోయేది ఆ పిన్నే. రొద పోవడం కోసం దానిని తీసేయడం ప్రాణాలతో చెలగాటమే.

ఖరగ్‌పూర్ పట్టాల మీద రైళ్లు నడవడానికి పైన మెరిసే తీగ ఎంత అవసరమో, కింద పట్టాల అతుకుల వద్ద ఎవరూ పట్టించుకోని బాండు ముక్కా అంతే అవసరం. లైను వెంట నడుస్తూ వాటిని తనిఖీ చేసే కార్మికులకు ఆ సంగతి బాగా తెలుసు. కారు యజమాని కూడా ఏడాదికి ఒకసారి, వానలు వెలిశాక, కార్పెట్ ఎత్తి ఆ ఒక్క బోల్టును చూసుకుంటే చాలు. అది బిగుతుగా, తుప్పు లేకుండా ఉందా అన్న చిన్న తనిఖీ దూర ప్రయాణంలో పాటనే కాదు, కారునూ అందులోని వారినీ కాపాడుతుంది.